ఇసుకలో దిద్దిన అక్షరం

మన బడి స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని సంఘం మిత్రులు అడగ్గానే నాకు గుర్తొచ్చింది మన ఒకటో తరగతి గది, బలపం పొడి వాసన. ఇక్కడ చదువుకుని, ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా వేరే ఊళ్లలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పినవాణ్ణి. అందుకే పిల్లలకు రాత నేర్పడమనే పని మనదాకా ఎలా నడిచి వచ్చిందో నాలుగు మాటలు చెబుతాను.

మన ముత్తాతల కాలంలో బడి అంటే పంతులుగారి వీధి అరుగు. ఇసుక పరిచి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించేవారు. నోటితో పలకడం, వేలితో రాయడం రెండూ కలిసే సాగేవి. చెయ్యి కుదిరాక తాటాకు, గంటం. ఇసుకలో ఒక సుఖముంది. తప్పు పోతే అరచేత్తో తుడిచేస్తే చాలు, ఆనవాలుండదు. అందుకే పిల్లవాడికి భయం ఉండదు.

ఈ ఇసుక రాత సముద్రం దాటిన సంగతి చాలామందికి తెలియదు. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర బడికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు గుర్రం మీద వెళుతూ, ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. తన బడిలోనూ అలాగే నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయులు మొగ్గు చూపలేదు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రవాడికి చిన్నపిల్లల్ని అప్పగించాడు. వాడు చక్కగా నేర్పేశాడు! బెల్ 1797లో లండన్‌లో దీని మీద పుస్తకం వేశాడు. దానికి అక్కడ 'మద్రాసు పద్ధతి' అనే పేరు స్థిరపడింది.

ఇసుక పోయి పలక వచ్చింది. అయినా ఒక లోటు మిగిలింది. పిల్లవాడు దిద్దేది పంతులు రాసిచ్చిన మాటే. వాడి మాట వాడు రాసుకునేది ఎప్పుడు? ఈ ప్రశ్నను గట్టిగా పట్టించుకున్నవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, పక్క కొండల్లోని సవరల భాషను పట్టుదలగా నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు తయారుచేసి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించే బడులు పెట్టించారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే పని.

నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండో తరగతి పిల్లవాడొకడు పలక మీద 'మాయమ్మ సంతకెల్లిపోనాది' అని రాసి తెచ్చాడు. ఎవరూ చెప్పకుండా వాడంతట వాడు రాసిన మొదటి వాక్యం అది. నేను అది చూడలేదు, తప్పులు చూశాను. తుడిచేసి 'మా అమ్మ సంతకు వెళ్ళిపోయింది' అని రాసిచ్చి పదిసార్లు దిద్దమన్నాను. వాడు దిద్దాడు. ఆ ఏడాదంతా మళ్లీ సొంతంగా ఒక్క ముక్క రాయలేదు.

తర్వాత పద్ధతి మార్చుకున్నాను. పిల్లలు తెచ్చిన పలకను ముందు పైకి చదివేవాణ్ణి. "సంతలో మీ అమ్మ ఏం కొంది రా?" అని అడిగేవాణ్ణి. జవాబు చెప్పడానికి బదులు పలక లాక్కుని పరుగెత్తేవారు, రాయడానికి! ఒత్తులు, దీర్ఘాలు ఆ తర్వాత మెల్లగా కుదిరేవి. ఆ పరుగు చూసిన సంతోషం జీతంలో దొరికేది కాదు.

నేను చెరిపేసిన ఆ ఒక్క వాక్యం మాత్రం ఇప్పటికీ నా మనసులో చెరగలేదు. మన బడిలో ఈ రోజు ఒకటో తరగతికి చెబుతున్న ఉపాధ్యాయులకూ, ఇంట్లో మనవల పక్కన కూర్చునే నా తోటి పూర్వ విద్యార్థులకూ ఒక్కటే మనవి. పసివాడు రాసి తెస్తే ముందు చదవండి. దిద్దడం ఆ తర్వాత.