మాటను వెదకు యుపాయము

‘కలకలకలము’ అను అక్షరపంక్తిలో ‘కలకలము’ ఎచ్చట నున్నది? మన కన్ను ఇట్టే పట్టివేయును. కంప్యూటరు అట్లు గాక, అక్షరమునకు అక్షరమును ఒరసి చూడవలెను. మొదటి నాలుగును సరిపోవును. అయిదవచోట ‘ము’ కావలసియుండగా ‘క’ యెదురగును. అంత అది వెనుకకు బోయి, రెండవ యక్షరమునుండి మరల మొదలిడును. పెద్ద గ్రంథములో, ఒకే అక్షరములు మరల మరల వచ్చుచోట, ఈ శ్రమకు అంతుండదు.

1969 వేసవిలో జేమ్స్ మారిస్ అను అమెరికను సీడీసీ 6400 కంప్యూటరుకొరకు వ్రాతలను దిద్దుకొను ప్రోగ్రామును వ్రాయుచుండెను. చదివిన పాఠమును వెనుకకు త్రిప్పుట అందు చిక్కైన పని. కావున వెనుకడుగు అక్కరలేని యుపాయము నాతడు వెదకెను. పై యుదాహరణమునే చూతము. సరిపోయిన నాలుగింటిలో చివరి ‘కల’, మాటకు మొదటనున్న ‘కల’తో సమానము. అందుచే మాటను రెండక్షరములు ముందునకు జరిపి, ఆగినచోటనుండియే సాగవచ్చును. ఎక్కడ తప్పిన నెంత జరుపవలెనో, వెదకబోవు మాటను బట్టియే ముందుగా పట్టిక వేసికొనవచ్చును.

కాని ఈ కిటుకు తోడివారికి బోధపడలేదు. కొన్ని నెలలకు మారిస్ చూచుకొనగా, పరులు చేసిన అక్కరలేని సవరణలతో ఆ భాగము ఛిన్నాభిన్నమై యుండెను! లేఖకుల చేతిలో తాళపత్ర కావ్యములు పడిన పాట్లు మాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి. అదృష్టవశమున, 1970లో డొనాల్డ్ క్నూత్, స్టీఫెన్ కుక్ సిద్ధాంతమొకటి ఆధారముగా, మారిస్ సంగతి యెరుగకయే అదే యుపాయమును రాబట్టెను. వాన్ ప్రాట్ దానికి మెరుగు పెట్టెను. మువ్వురి వ్యాసము 1977లో వెలువడెను. ఆ యేడే బాయర్, మూర్ అనువారు మాటను చివరి యక్షరమునుండి పోల్చు మరియొక వేగవంతమగు పద్ధతిని ప్రకటించిరి.

డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషకు 1989లో అమెరికా ప్రమాణ మేర్పడెను. అందు ఈ పనికై ‘స్ట్ర్‌స్ట్ర్’ అను ప్రమేయము కలదు. పలుక నోరు తిరుగదు. మాట దొరకిన తావును అది చూపును, దొరకనిచో శూన్యమును. ఎట్లు వెదకవలెనో మాత్రము ప్రమాణము చెప్పదు. అందుచే దానిని అమలుపరచిన వారిలో పలువురు మొదట చెప్పిన మందగతినే అనుసరించిరి. ప్రోగ్రాము వ్రాయువానికి లోపలి సంగతి తెలియనే తెలియదు.

తెలుగు వ్రాతకు ఇందొక చిక్కు గలదు. నేటి యూనికోడులో ‘లి’ యనగా ‘ల’ సంకేతము, దాని వెనుక గుడి సంకేతము. స్ట్ర్‌స్ట్ర్ ఈ సంకేతములనే చూచును గాని అక్షరము నెరుగదు. కావున ‘కల’ను వెదకుమన్న ‘కలి’ని సైతము తెచ్చి చూపును.