నాగమ్మ సీమలో దుర్గాంబ

పల్నాడులో రాజకీయం నడిపిన ఆడమనిషి పేరు చెప్పమంటే ఎవరైనా ఠక్కున చెప్పేది నాయకురాలు నాగమ్మ. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజు మంత్రి. కోడిపందెం, మాచర్ల వాళ్ళ వనవాసం, కారంపూడి యుద్ధం.. అన్నీ మనం ఆవిడ ఖాతాలోనే రాసేశాం. 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి ఆ పాత్ర వేశారు. రెండోదాంట్లో బ్రహ్మనాయుడు మన ఎన్టీఆర్. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ పనుంది.

సరే, మన కాలానికొస్తే జూలకంటి దుర్గాంబ. 1999లో తెలుగుదేశం తరపున మాచర్ల నుంచి గెలిచి అసెంబ్లీకి వెళ్ళారు. దుర్గి, కారంపూడి, రెంటచింతల, వెల్దుర్తి, మాచర్ల - ఇవీ ఇప్పుడా నియోజకవర్గంలో ఉన్న మండలాలు. అంటే, బ్రహ్మనాయుడి వేషం కట్టిన మనిషి 1982లో పెట్టిన పార్టీయే నాగమ్మ సీమ నుంచి ఓ ఆడమనిషిని శాసనసభకు పంపిందన్నమాట!

ఆవిడ పేరు వచ్చినచోటల్లా పక్కన ఇంకో పేరుంటుంది. భర్త నాగిరెడ్డి గారు 1972లో అక్కడి ఎమ్మెల్యే. కొడుకు బ్రహ్మానందరెడ్డి గారు 2024లో గెలిచారు. మన భాషలో చెప్పాలంటే, ఆవిడ సొంత టేబుల్ లేని ఫారిన్ కీ. "భర్త పేరు మీద వచ్చిందిలే" అని తేల్చేసేవాళ్ళకి నాదో ప్రశ్న. కొడుకులొచ్చేది ఎవరి పేరు మీద? వాళ్ళని మాత్రం నాయకుడంటాం, ఆవిడని ఫలానా వారి భార్య అంటాం. పైగా 1999కి మహిళా రిజర్వేషన్ లేదు. 1996లో పార్లమెంటులో పెట్టిన బిల్లు ముందుకు కదల్లేదు. పల్నాడు లాంటి చోట జనరల్ సీట్లో నిలబడి గెలవడం ఆషామాషీ కాదు.

ఇంటిపేరు దన్ను లేకుండా వచ్చినవాళ్ళూ లేకపోలేదు. నన్నపనేని రాజకుమారి గారు 1983లో సత్తెనపల్లిలో తెలుగుదేశం నుంచి, 1989లో వినుకొండలో కాంగ్రెస్ నుంచి గెలిచారు. 2019లో చిలకలూరిపేటలో విడదల రజని గెలిచి, 2022లో మంత్రి అయ్యారు.

మాచర్లలో మాత్రం దుర్గాంబ గారి తర్వాత, 2012 ఉప ఎన్నికతో కలిపి 6 ఎన్నికలు జరిగాయి. ఆరుసార్లూ మగవాళ్ళే. ఐదుసార్లు పిన్నెల్లి, ఒకసారి జూలకంటి. 2023లో మూడోవంతు సీట్లు మహిళలకిచ్చే 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది, దానికి జనగణన, నియోజకవర్గాల పునర్విభజన ముడిపెట్టారు. ఎప్పుడైనా మాచర్ల మహిళా సీటు అయిందే అనుకోండి, టికెట్ పట్టుకుని పార్టీలు తలుపు తట్టేది మళ్ళీ ఆ రెండిళ్ళే అని నా అనుమానం.