ఆ ఏడు వారాల సెలవు మనమే!

ఆగస్టు వచ్చిందంటే నాకు ఆదివారాలు ఓ పట్టాన గడవవు. ఫార్ములా వన్ వాళ్ళకి వేసవి సెలవులు మరి. టీములన్నీ వరసగా 14 రోజులు ఫ్యాక్టరీలకి తాళం వేసుకోవాలి, ఆ రోజుల్లో కారు మీద ఎవరూ పని చెయ్యకూడదు అని రూలు. మా ఆఫీసులో కూడా ఇలాంటి రూలు పెడితే ఎంత బావుణ్ణో :)

సెలవు అయ్యాక మొదటి రేసు 2023 నుంచి నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో జరుగుతోంది. సెలవు తర్వాత వచ్చే ఈ వారాంతం అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఎందుకంటే అక్కడ లెక్కలు తలకిందులవుతాయి. 2023లో వెర్‌స్టాపెన్ సొంత జనం ముందు వరసగా తొమ్మిదో రేసు గెలిచి వెటెల్ రికార్డుని అందుకున్నాడు. ఇంక ఇతన్ని ఆపేవాడు లేడు అనుకున్నాం. మర్నాడు ఏడాదికల్లా అదే ట్రాకు మీద నారిస్ వచ్చి దాదాపు 23 సెకన్ల తేడాతో గెలిచాడు. 2025లో ఆ నారిస్ కారే రేసు చివర్లో మొరాయించింది. పియాస్ట్రీ గెలిచి 34 పాయింట్లు ముందుకెళ్ళిపోయాడు. అయినా డిసెంబరులో ఛాంపియన్ ఎవరు? నారిసే, అదీ వెర్‌స్టాపెన్ మీద రెండంటే రెండు పాయింట్ల తేడాతో!

2026 క్యాలెండర్లో కూడా సెలవు తర్వాత మొదటి రేసు అక్కడే. ఆగస్టు 21 నుంచి 23 దాకా, పైగా శనివారం స్ప్రింటు రేసు కూడా ఉంది. అక్కడితో వాళ్ళ ఒప్పందం పూర్తి. ప్రభుత్వ సొమ్ము లేకుండా సొంతంగా నడుపుతున్నాం కాబట్టి వైభవంగా ఉండగానే ముగిస్తాం అని నిర్వాహకులు 2024 డిసెంబరులోనే చెప్పేశారు.

ఇంతకీ నేను చెప్పొచ్చేది జాండ్‌వూర్ట్ గురించి కాదు. మన ఊరి గురించి.

నేనుండేది ఆరాంఘర్‌లో. మెహదీపట్నం నుంచి వచ్చే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మా దగ్గరే కిందికి దిగుతుంది. అటు వెళ్తే శంషాబాద్ ఎయిర్‌పోర్టు, ఇటు వెళ్తే జూపార్కు. రాత్రి పదకొండు దాటాక మా బాల్కనీలో నిలబడితే ఎయిర్‌పోర్టు రోడ్డు మీద కుర్రాళ్ళు బైకులతో పెట్టుకునే పందేలు వినిపిస్తూ ఉంటాయి. చూడక్కర్లేదు, సైలెన్సర్ మోత చాలు. అది విన్నప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది: ఈ ఊళ్ళో వేగం మీద పిచ్చికి కొదవలేదు, దానికో చోటే లేదు.

చోటు ఇస్తామని మన ఊరు రెండుసార్లు మాట ఇచ్చింది.

మొదటిసారి నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు. 2003 ప్రాంతంలో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఫార్ములా వన్‌ని హైదరాబాద్ తెస్తామని బయల్దేరింది. ట్రాకు కోసం గోపనపల్లి పేరు వినిపించింది. 2007కల్లా మొదటి రేసు అని అనుకున్నారు. 2004 మేలో ప్రభుత్వం మారింది, ఆ మాట కూడా అక్కడే ఆగిపోయింది. 2005 మార్చిలో నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యేనాటికి మన ట్రాకు కాగితం మీద కూడా మిగల్లేదు. గోపనపల్లిలో ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ జనాలం అపార్టుమెంట్లకి ఈఎమ్ఐలు కడుతున్నాం.

ఆ రేసు చివరికి ఢిల్లీ పక్కకి, గ్రేటర్ నోయిడాకి పోయింది. 2011, 2012, 2013... మూడేళ్ళూ వెటెలే గెలిచాడు. అది ఆటా, వినోదమా, పన్ను ఎంత అన్న గొడవల్లో పడి అదీ ఆగిపోయింది.

రెండోసారి మాత్రం కళ్ళారా చూశాను. 2023 ఫిబ్రవరి 11, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ. 18 మలుపులు, సుమారు 2.8 కిలోమీటర్లు. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, ప్రసాద్స్ ఐమాక్స్... రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకునే రోడ్లే! కొత్త సచివాలయం అప్పటికింకా ప్రారంభం కాలేదు, దాని పక్కనుంచి కార్లు రివ్వున పోతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. పోల్ పొజిషన్‌లో ఉన్న ఎవాన్స్‌ని అతని జాగ్వార్ టీములోని బర్డే గుద్దేశాడు, రెండు కార్లూ ఔట్. చివరి ల్యాపుల్లో వెర్న్ దగ్గర బ్యాటరీ తక్కువ, వెనకాల కాసిడీ దగ్గర ఎక్కువ. అయినా దారివ్వకుండా అడ్డుకుని, అర సెకను కూడా లేని తేడాతో వెర్న్ గెలిచాడు. బ్యాటరీ మిగుల్చుకుంటూ పోరాడ్డం కూడా ఒక ఆటేనని నాకు ఆ రోజే అర్థమైంది.

ఇంకోవైపు కూడా చెప్పాలి. ఆ నాలుగు రోజులూ ఖైరతాబాద్, ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల జనం ట్రాఫిక్‌లో నరకం చూశారు. రేసు వారంలోనే మామూలు వాహనాలు ట్రాకు మీదకి వచ్చేసి, ప్రాక్టీసు ఆలస్యమైంది. అంతకుముందు 2022 నవంబరులో అదే ట్రాకు మీద ఇండియన్ రేసింగ్ లీగ్ పెడితే అసలు రేసే జరక్కుండా జనం ఇళ్ళకి పోయారు. రోడ్డుని ట్రాకు చెయ్యడం, మళ్ళీ రోడ్డు చెయ్యడం అంత తేలిక కాదు.

సరే, రెండో ఏడు 2024 ఫిబ్రవరి 10న అన్నారు. ఎన్నికల షెడ్యూలు వచ్చిన మూడు వారాలకి, 2023 అక్టోబరు 30న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. డిసెంబరులో ప్రభుత్వం మారింది. జనవరి 5న రేసు రద్దయింది. ఒప్పందం ఉల్లంఘించారని ఫార్ములా ఈ వాళ్ళు, నిబంధనలు పాటించకుండా డబ్బులు కట్టారని కొత్త ప్రభుత్వం. 2024 డిసెంబరులో ఏసీబీ కేసు కూడా పెట్టింది. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టులు, నేను కాదు.

నాకు గుచ్చుకున్నది వేరే ఉంది. ఆ ఏడాది ఫార్ములా ఈ క్యాలెండర్ తీసి చూడండి. జనవరి 27న సౌదీలో దిరియా రేసు. దాని తర్వాత మార్చి 16న బ్రెజిల్‌లో సావో పాలో. మధ్యలో ఏడు వారాల ఖాళీ. ప్రపంచానికి అదొక సీజన్ మధ్య సెలవు. ఆ సెలవు పేరు హైదరాబాద్!

అందుకే జాండ్‌వూర్ట్ గురించి మొదలెట్టాను. అక్కడ కూడా 1985 తర్వాత ఫార్ములా వన్ ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది 2021లో. అంటే 36 ఏళ్ళ సెలవు! మరి వాళ్ళది సెలవయింది, మనది మూత ఎందుకైంది? ఆ 36 ఏళ్ళూ ట్రాకు ఖాళీగా లేదు. కొంత భాగం పోయినా మిగిలిన దాంట్లోనే చిన్న రేసులు నడిపారు. 1991 నుంచి అక్కడ ఫార్ములా త్రీ కుర్రాళ్ళకి మాస్టర్స్ పోటీ పెట్టారు. 2014లో అది గెలిచిన కుర్రాడి పేరు మాక్స్ వెర్‌స్టాపెన్. ఆ కుర్రాడి కోసమే కదా తర్వాత ఆ ఇసుక దిబ్బలన్నీ నారింజ రంగుతో నిండిపోయింది.

అంత దూరం ఎందుకు, మద్రాసు చూడండి. యుద్ధకాలం నాటి షోలవరం రన్‌వే మీద క్లబ్బు వాళ్ళు రేసులు మొదలెట్టారు, తర్వాత ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నారు. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. ఎవరు ముఖ్యమంత్రి అయినా అక్కడ రేసులు నడుస్తూనే ఉన్నాయి. కార్తికేయన్, చందోక్ ఇద్దరూ తమిళనాడు నుంచే రావడం కాకతాళీయం కాదు. మన హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016, 2017ల్లో వరసగా జేకే టైర్ ఛాంపియన్ అయ్యాడు. ఆ పోటీల కోసం కోయంబత్తూరు, నోయిడా వెళ్ళాల్సి వచ్చింది.

మన వాళ్ళు రెండుసార్లూ నేరుగా పైఅంతస్తు కట్టబోయారు. మా భాషలో చెప్పాలంటే టెస్టింగ్ లేకుండా సరాసరి ప్రొడక్షన్‌లోకి రిలీజ్ చేశారు. మేనేజరు మారగానే ప్రాజెక్టు క్యాన్సిల్. పెద్ద రేసు వస్తే సంతోషమే, నేనే మొదటి టికెట్ కొంటాను. కానీ ఏడాది పొడుగునా, తక్కువ ఖర్చుతో, హెల్మెట్టూ అంబులెన్సూ ఉండేలా ఈ కుర్రాళ్ళు పందేలు పెట్టుకునే ఒక మామూలు ట్రాకు ముందు రావాలి. దాన్ని ఏ ప్రభుత్వమూ తన ఘనతగా చెప్పుకోలేదు కాబట్టి, తర్వాతి ప్రభుత్వానికి దాన్ని మూసెయ్యాలనీ అనిపించదు.

రేసు వారాంతం వస్తోందంటే మా ఫ్రెండ్సంతా మా ఇంట్లోనే చేరతారు. సాయంత్రం ఆరున్నరకి జాండ్‌వూర్ట్‌లో లైట్లు ఆరతాయి, ఎనిమిదిన్నరకల్లా అంతా అయిపోతుంది. తర్వాత బిర్యానీ తిని, కబుర్లు చెప్పుకుని బాల్కనీలోకి వస్తే పదకొండవుతుంది.

అప్పుడు కింద రోడ్డు మీద రెండో రేసు మొదలవుతుంది. దానికి మాత్రం సెలవుల్లేవు.