డేటా సెంటర్‌లో కరెంట్ పోతే ఏం జరుగుతుంది? సర్వర్లు, డేటాబేస్‌లను కాపాడేది ఇవే..

ఇంట్లో కరెంట్ పోతే ఇన్వర్టర్ అందుకునేలోపు టీవీ ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వస్తుంది. పెద్ద నష్టమేం లేదు. డేటా సెంటర్‌లో మాత్రం ఆ రెప్పపాటు కూడా కుదరదు. కరెంట్ లేకుండా సర్వర్ నిలబడగలిగేది సాధారణంగా 10 నుంచి 20 మిల్లీసెకన్లే. అందుకే అక్కడ వాడేది ఆన్‌లైన్ యూపీఎస్. కరెంట్ ఉన్నా, లేకపోయినా సర్వర్‌కు వెళ్లే సప్లై దాని మీదుగానే వెళ్తుంది కాబట్టి మధ్యలో గ్యాప్ రాదు.

అయితే ఈ బ్యాటరీలు గంటల తరబడి నడిపిస్తాయనుకుంటే పొరపాటే. చాలాచోట్ల 5 నుంచి 15 నిమిషాలకే ఏర్పాటు ఉంటుంది. ఆలోపు డీజిల్ జనరేటర్ స్టార్ట్ అయి లోడ్ అందుకోవాలి. అంతా సవ్యంగా ఉంటే ఇది సెకన్లలో పని. కానీ జనరేటర్‌ను స్టార్ట్ చేసే చిన్న బ్యాటరీయే డౌన్ అయి ఉంటే? కోట్లు పెట్టి కొన్న మెషీన్ కదలదు. అందుకే టెస్టింగ్ అంటే ఉత్తినే ఆన్ చేసి ఆపడం కాదు, నిజమైన లోడ్ పెట్టి నడిపి చూడాలి.

రెండు ప్లగ్గుల లెక్క

మంచి సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు ఉంటాయి. ఒకటి 'ఎ' లైన్‌కు, రెండోది 'బి' లైన్‌కు ఇవ్వాలి. రెండూ ఒకే లైన్‌లో పెడితే డబ్బు దండగ. 2016 ఆగస్టులో అమెరికాకు చెందిన డెల్టా ఎయిర్‌లైన్స్‌కు అట్లాంటాలో పవర్ సమస్య వచ్చింది. దాదాపు 7 వేల పరికరాల్లో 300 వరకు బ్యాకప్ పవర్‌కు సరిగా కనెక్ట్ కాలేదని తర్వాత తేలింది. ఆ 300 వల్ల 2 వేలకు పైగా విమానాలు రద్దయ్యాయి.

కరెంట్ పోవడమే కాదు, తిరిగి రావడమూ ప్రమాదమే. 2017 మే 27న బ్రిటిష్ ఎయిర్‌వేస్ డేటా సెంటర్‌లో ఆగిన పవర్‌ను అదుపు లేకుండా తిరిగి ఇవ్వడంతో పరికరాలు దెబ్బతిన్నాయి. సుమారు 75 వేల మంది ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. అందుకే ముందు నెట్‌వర్క్, తర్వాత స్టోరేజ్, ఆ తర్వాత డేటాబేస్, చివరగా అప్లికేషన్లు.. ఇలా వరుసగా ఆన్ చేస్తారు.

డేటాబేస్ సంగతేంటి?

ఒక ఖాతాలో 500 రూపాయలు తగ్గాయి, రెండో ఖాతాలో పడేలోపు కరెంట్ పోయింది అనుకుందాం. ఇలాంటి చోట కాపాడేది లాగ్. డేటాబేస్ అసలు పేజీలను మార్చే ముందే చేయబోయే మార్పును లాగ్‌లో రాసుకుంటుంది. మళ్లీ ఆన్ అయ్యాక దాన్ని చదివి, పూర్తయిన లావాదేవీని నిలబెడుతుంది, సగంలో ఆగినదాన్ని రద్దు చేస్తుంది.

చిక్కల్లా ఆ లాగ్ నిజంగా డిస్క్‌లోకి చేరిందా అన్నదే. స్పీడ్ కోసం కొందరు పోస్ట్‌గ్రెస్‌లో ఎఫ్‌సింక్ ఆపేస్తారు. సడెన్‌గా పవర్ పోతే డేటాబేస్ మొత్తం పాడయ్యే ఛాన్స్ ఉంది. ఎంత స్పీడ్ వచ్చినా ఇది చేయదగ్గ పని కాదు. కొన్ని చౌక ఎస్ఎస్‌డీలు ఇంకా క్యాష్‌లో ఉన్నదాన్నే 'రాసేశా' అని చెప్పేస్తాయి. సర్వర్ల కోసం చేసిన ఎస్ఎస్‌డీల్లో కెపాసిటర్లు ఉంటాయి. పవర్ పోయినా చేతిలో ఉన్న డేటాను రాసి మరీ ఆగుతాయి.

చిన్న ఆఫీసులో జనరేటర్ లేకపోయినా యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలపవచ్చు. బ్యాటరీ తగ్గగానే సాఫ్ట్‌వేర్ దానంతట అదే సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు వేడికి త్వరగా పోతాయి. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. మన ఎండల్లో ఏసీ లేని గదిలో యూపీఎస్ పెడితే బ్యాటరీలు ముందే మార్చుకోవాల్సి వస్తుంది.

కాపాడాల్సిన బ్యాటరీయే నిప్పు రాజేసిన ఘటనా ఉంది. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజోన్ ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ లిథియం బ్యాటరీలను తరలించే పనుల్లో మంటలు చెలరేగాయి. 709 ప్రభుత్వ సిస్టమ్స్ నిలిచిపోయాయి. వేరేచోట కాపీ ఉన్నవాటిని తిరిగి తెచ్చుకునే దారి ఉంది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జి-డ్రైవ్‌కు మాత్రం బయట బ్యాకప్ లేదు. 858 టెరాబైట్ల డేటా కాలిపోయింది.