మిద్దెమీది చలువపెట్టె

మేళ్లచెరువు పేరు చెప్పగానే స్మరణకు వచ్చునవి రెండు. ఒకటి స్వయంభూ శంభులింగేశ్వరుని ఆలయము. ఆ లింగము శిరోభాగమునగల చిన్న బిలమున ఎల్లప్పుడును నీరు నిలిచియుండునని ప్రసిద్ధి. రెండవది నేలలోని సున్నపురాయి. దాని నాశ్రయించియే అచట సిమెంటు కర్మాగారములు వెలసినవి. పూర్వము నల్లగొండ జిల్లాలోనిదై, 2016 అక్టోబరు నుండి సూర్యాపేట జిల్లాలో చేరిన ఈ ఊరికి మూడవ ప్రసిద్ధి యొకటి కలదు: ఎండ. వైశాఖ జ్యేష్ఠములలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలను దాటుట ఇచట వింత కాదు. ఆ ఎండను మనవారెట్లు ఎదుర్కొనిరో, నేడు మిద్దెలపై కనబడు కూలరు ఏ వంశమునకు చెందినదో విచారింతము.

నీరు ఆవిరియగునపుడు తన చుట్టుపట్ల నుండి వేడిని గ్రహించును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీల వేడి కావలెను. ఈ లెక్క పుట్టక పూర్వమే మన కుమ్మరి కుండ చేసెను. తెలంగాణమున రంజను అనెడి పెద్ద కుండ గోడలనుండి నీరు సన్నగా చెమర్చి, గాలికి ఆవిరియై, లోపలి నీటిని చల్లబరచును. ఏటేట క్రొత్త కుండ కొనుట ఆచారము. ఇది వట్టి పండుగ ముచ్చట యన్నచో మేమొప్పుకొనము. నీటిలోని లవణములు సూక్ష్మరంధ్రములలో పేరుకొని వానిని మూసివేయును. నిరుటి కుండ నీటిని నిలుపునే గాని మునుపటివలె చల్లబరుపజాలదు. సున్నపునేల నీటికి ఈ గుణము మరింత హెచ్చు.

నీటిని చల్లబరచిన ఉపాయమే గాలికిని వర్తించినది. కలవారి యిండ్లలో ద్వారములకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీరు చల్లెడివారు. 16వ శతాబ్ది చివర అబుల్ ఫజలు రచించిన అయినీ అక్బరీలో వట్టివేళ్ల ప్రసక్తి కలదు. 19వ శతాబ్దిలో ఆంగ్లేయులు థర్మాంటిడోటు అనెడి కొయ్యపెట్టెను వాడిరి. పెట్టెకు తడి తడికెలు, లోపల చేతితో త్రిప్పెడి రెక్కలు. నీరు పోయుట కొకడు, రెక్కలు త్రిప్పుట కొకడు! లోపలివాని చల్లదనమునకై వెలుపలివాడు వడగాలిలో నిలువవలసి యుండెను. వట్టివేళ్ల సువాసనను మెచ్చి వ్రాసినవారు పెక్కురు. నీరు మోసినవారిని తలచినవారు కొందరే.

1930 ప్రాంతముల అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో ఈ ఇరువురి పనిని విద్యుత్తు చేపట్టినది. రేకుపెట్టె, కొయ్యతురుము మెత్తలు, చిన్న పంపు, పంకా. మన బజారులో ఆ మెత్తకు కూలరు గడ్డి యని పేరు. పెట్టెను మిద్దెపై నిలిపి, డక్టు అనెడి గాలిగొట్టముతో గదులకు గాలి పంపుట దాని తరువాతి మెట్టు. గాలి పొడిగా నున్నంతవరకే ఈ విద్య ఫలించును. 42 డిగ్రీల వేడి, 20 వంతుల తేమ గల గాలిని నీటితో 24 డిగ్రీలకు మించి చల్లబరుపలేము. మంచి కూలరు 28 వరకు తేగలదు. సముద్రతీరమున నింత ఫలముండదు. తొలకరి తరువాత మేళ్లచెరువునను ఉండదు.

తడికెకు, కూలరుకు భేద మిచటనే. వానలు రాగానే తడికెను విప్పి అటకెక్కించెడివారు. మిద్దెమీది పెట్టె దిగిరాదు. దాని తొట్టిలో మిగిలిన నీటిలో డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమ గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు నీటి అంచున గోడకంటుకొని, ఎండినను నెలల తరబడి చావక, మరల నీరు తగిలినప్పుడు పొదుగును. కావున నీటిని పారబోసిన చాలదు. తొట్టి గోడలను గట్టిగా తోమవలెను. వాడుక దినములలోనైనను వారమున కొకసారి తొట్టిని ఖాళీచేసి తోమి ఆరబెట్టుట తప్పదు. ఇంట పసిపిల్లలున్నవారు దీనిని చిన్నపనిగా నెంచరాదు.

గడ్డి సంగతి కుండ సంగతియే. తెల్లని పెచ్చు కట్టిన గడ్డి గాలిని అడ్డగించును, తడి నిలుపదు, ఏటేట మార్చవలెను. తేనెపట్టువంటి అట్టమెత్తలు మరికొన్నేండ్లు మన్నునుగాని, సున్నపు నీరు వానినిని విడువదు.

గాలిగొట్టమును మూయుటయు మనకు క్రొత్త కాదు. పాత మట్టిమిద్దెలలో వెలుతురుకు, పొగకు విడిచిన గవాక్షముపై వాన రాగానే రాతిపలకను కప్పెడివారు. అట్లే కార్తికమాసమునకు ముందే గొట్టము నోట రేకుపలకను బిగించి, సందులను గుడ్డతోనో రబ్బరుతోనో మూయవలెను. లేనియెడల పుష్యమాసపు వేకువ చలిగాలియు, దుమ్మును, ఎలుకలును ఆ దారినే గదిలోనికి వచ్చును. ముందుగా విద్యుత్తును ఆపి తీగను విడదీయుట మరువరాదు. పెట్టెపై టార్పాలిను కప్పునపుడు అడుగువరకు బిగించి కట్టక, చెమ్మ పోవుటకు జానెడు సందు విడువవలెను. లేనిచో రేకు ఒక్క వర్షకాలమునకే త్రుప్పు పట్టును.