ఇప్పపువ్వు ఎవరిది? చెట్ల ఋతుచక్రం, అడవి హక్కుల చరిత్ర

మాఘమాసం ముగిసేనాటికి గోదావరికి ఇరువైపులా ఉన్న అడవి చాలావరకు ఆకు రాల్చి ఉంటుంది. టేకు మోడై నిలుస్తుంది. సరిగ్గా అప్పుడే మోదుగ పూస్తుంది. ఆకన్నది లేని కొమ్మల మీద చిలుకముక్కులా వంగిన ఎర్రని పూలు గుత్తులుగుత్తులుగా విచ్చుకొంటాయి. మోదుగ పూలు రాలుతుండగానే ఇప్పచెట్టు మొగ్గ తొడుగుతుంది. తరువాత వేపపూత, మామిడి, మొర్రిపండు, తునికిపండు వరుసగా వస్తాయి. తొలకరికి నేరేడు నల్లబడుతుంది. వానలు వెనుకబట్టాక సీతాఫలం, కార్తికానికి ఉసిరి, సంక్రాంతికి రేగు. (సీత పేరు పెట్టుకొన్న ఆ పండు అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినదని చెబితే మా తరగతుల్లో విద్యార్థులు నమ్మేవారు కారు.) మీలో పల్లెల్లో, ఏజెన్సీ ప్రాంతాల్లో ఉండి చదువుతున్నవారికి ఈ వరుస ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ వరుసలోని అందాన్ని కవులు చాలా చెప్పారు. చరిత్ర విద్యార్థి మరో ప్రశ్న కూడా వేయాలి: ఈ పువ్వులు, ఈ పండ్లు ఎవరివి? వాటిని ఏరుకొనే హక్కు ఎవరికి ఉండేది, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం మీద మార్చారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇప్పచెట్టును మించిన ఉదాహరణ లేదు. దాని పువ్వు తిండి అయింది, సారా అయింది, పన్ను కూడా అయింది.

ముందుగా చెట్టు సంగతి చూద్దాం. ఇప్ప మాఘ ఫాల్గుణాలలో ఆకు రాలుస్తుంది. కొమ్మల చివర గుత్తులుగా మొగ్గలు వస్తాయి. పువ్వు రాత్రివేళ విచ్చుకొంటుంది, గబ్బిలాలు వచ్చి వాలుతాయి. తెల్లవారుజామున లేత పసుపు కలిసిన తెలుపు రంగులో, కండపట్టి, తేనెలా తియ్యగా ఉండే పూరేకుల బుడ్డి ఊడి నేల మీద పడుతుంది. కోసే పని లేదు, ఏరడమే. అందుకే స్త్రీలు, పిల్లలు పొద్దు పొడవకముందే గంపలతో చెట్టు కిందికి చేరతారు. ఆలస్యమైతే పశువులు, జింకలు, ఎలుగుబంట్లు ముందే వచ్చి తినిపోతాయి. ఏరిన పువ్వును కొన్ని రోజులు ఎండబెడితే గోధుమరంగుకు తిరిగి కిస్‌మిస్‌లా ముడుచుకొంటుంది. అలా ఎండిన పువ్వు నెలల తరబడి నిలవ ఉంటుంది. ఉడికించి జొన్నతోనో, చింతగింజలతోనో కలుపుకొని తింటారు. పూత అయ్యాక చెట్టు రాగిరంగు చిగురు వేస్తుంది. కాయలు తొలకరి ప్రాంతంలో పండుతాయి. వాటి గింజల నుంచి తీసిన నూనె చలికి గడ్డకడుతుంది. వంటకు, దీపానికి అదే.

ఈ రెండు పంటలు చేతికందే కాలాన్ని ప్రత్యేకంగా గమనించండి. పువ్వు వచ్చేసరికి ఇంట్లో ధాన్యం అడుగంటుతూ ఉంటుంది. గింజ వచ్చేసరికి విత్తనాల పని మొదలవుతుంది, తిండి మరీ కరువు. పైగా ఇప్పకు వేళ్లు లోతు. వానలు తప్పి జొన్నచేను ఎండిన ఏడాది కూడా అది పూస్తుంది. (పూతవేళ మబ్బుపట్టి వాన కురిస్తే మాత్రం పువ్వు పాడవుతుంది.) పోడు కొట్టేటప్పుడు మిగతా చెట్లన్నీ నరికినా ఇప్పను వదిలేయడం అనేక గిరిజన సమాజాల్లో ఉన్న పద్ధతి. పలుచోట్ల ఏ చెట్టు కింద ఏ కుటుంబం ఏరుకోవాలో ఊరికి తెలుసు. ఆ హక్కుకు పత్రం లేదు, కట్టుబాటు ఉంది.

పత్రాలు మరోచోట ఉన్నాయి. శాతవాహన రాజు హాలుని పేరుతో నిలిచిన ప్రాకృత గాథాసప్తశతిలో గోదావరి ఒడ్డు ఇప్పచెట్లు కనిపిస్తాయి. అంటే మన నేల మీద ఈ చెట్టుకు దాదాపు రెండు వేల ఏళ్ల సాహిత్య సాక్ష్యం ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం చెట్టును మరోలా చూసింది. అడవి సరుకులను సేకరించే అధికారి గురించి చెప్పిన అధ్యాయంలో గట్టి కలప చెట్ల జాబితాలో ఇప్ప, రంగుపూల జాబితాలో మోదుగ ఉన్నాయి. ఉత్తరాన కాశీ, కనౌజ్ ప్రాంతాలను పదకొండు, పన్నెండు శతాబ్దాలలో ఏలిన గాహడవాల రాజుల తామ్రశాసనాలు ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి. ఒక గ్రామాన్ని దానమిచ్చేటప్పుడు నీరు, నేల, గనులతో పాటు ఇప్ప, మామిడి తోపులను కూడా ఇస్తున్నట్లు విడిగా పేర్కొన్నాయి. రాజు ఇచ్చాడు, దానం పొందినవాడు పుచ్చుకొన్నాడు. అంతకుముందు ఆ తోపులో పువ్వు ఏరుకొంటున్నది ఎవరో శాసనం చెప్పదు. ప్రాచీన, మధ్యయుగ ఆధారాలను చదివేటప్పుడు ఈ మౌనాన్ని కూడా ఒక ఆధారంగానే తీసుకోవాలి.

పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోస్తా మొక్కలను స్థానిక చిత్రకారుల చేత గీయించి, తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. ఇప్పకు బాసియా లాటిఫోలియా అని శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. ఉత్తర సర్కారులను 1789-92 మధ్య పట్టి పీడించిన కరువును కళ్లారా చూసి, వాన తప్పినా తిండి ఇచ్చే చెట్లను విరివిగా నాటించాలని కంపెనీకి సూచించాడు. ఆయన దృష్టిలో చెట్టు కరువుకు విరుగుడు. తరువాతి నూరేళ్లలో అదే ప్రభుత్వం చెట్టును ఆదాయపు పద్దుగా చూడటం నేర్చుకొంది.

ఈ మార్పు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి అటవీ శాఖ, రెండోది అబ్కారీ. మద్రాసు అటవీ చట్టం 1882లో, మద్రాసు అబ్కారీ చట్టం 1886లో వచ్చాయి. అయితే మన్యంలో గొడవ అంతకు ముందే రాజుకొంది. రంప ప్రాంతంలో వేసవి నెలల్లో కొండవాళ్లకు జీలుగుకల్లు మత్తు పానీయం మాత్రమే కాదు, కడుపు నింపే ఆహారం కూడా. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా ప్రభుత్వం అడ్డుకొంది, గీతహక్కును గుత్తకిచ్చింది. కల్లుచెట్ల మీద ఉన్న మొదలుపన్నుకు తోడు మన్సబుదారు చిగురుపన్ను అని మరొకటి వేశాడు. 1879 మార్చిలో మొదలైన రంప పితూరీకి ఇతర కారణాలూ ఉన్నాయి. ముఠాదారుల హక్కులు, వ్యాపారుల అప్పులు, పోలీసుల దౌర్జన్యం వాటిలో కొన్ని. కానీ పన్నుల పేర్లు వినండి: మొదలు, చిగురు. చెట్టు ఎదుగుదలలోని ఒక్కో దశకు ఒక్కో పన్ను. తిరుగుబాటు ఎందుకు వచ్చిందో ఆ రెండు పేర్లు చెప్పినంత బాగా నివేదికలు చెప్పవని నా అభిప్రాయం.

కల్లు విషయంలో జరిగినదే ఇప్పపువ్వు విషయంలోనూ జరిగింది. దీని నిండా చక్కెర ఉంటుంది కాబట్టి సారా కాయడం తేలిక. అడవి పల్లెలో సొంతంగా కాచుకొంటే కేంద్ర బట్టీల సారా అమ్ముడుపోదు. అందుకే పశ్చిమాన బొంబాయి ప్రభుత్వం 1892లో ఏకంగా మహువా చట్టం చేసింది. ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వును సేకరించడం, దగ్గర ఉంచుకోవడం మీద ఆంక్షలు పెట్టింది. సారాను అరికట్టే పేరుతో తిండిని కూడా నేరం చేసిన చట్టం ఇది. ఒక కుటుంబం పువ్వును దాచుకొన్నది తినడానికా, కాయడానికా అని తేల్చవలసినవాడు అబ్కారీ జవాను.

1927 భారత అటవీ చట్టంలో అటవీ ఉత్పత్తుల నిర్వచనం చూడండి. అందులో రెండు జాబితాలు ఉన్నాయి. చాలా రకాల ఆకులు, పూలు, పండ్లు అడవిలో దొరికితేనే, లేదా అడవి నుంచి తెస్తేనే అటవీ ఉత్పత్తులు. మొదటి జాబితాలో ఉన్నవి మాత్రం ఎక్కడ దొరికినా అటవీ ఉత్పత్తులే. కలప, బొగ్గు, లక్క, కరక్కాయలతో పాటు ఇప్పపువ్వు, ఇప్పగింజ ఈ మొదటి జాబితాలో ఉన్నాయి. అంటే రైతు తన చేనిగట్టు మీది చెట్టు కింద ఏరిన పువ్వు కూడా చట్టం దృష్టిలో అడవి సొత్తే. మద్రాసు రాష్ట్రానికి, హైదరాబాదు సంస్థానానికి వేరే అటవీ చట్టాలు ఉన్నందున ఇది ఇక్కడ నేరుగా అమలు కాలేదు. అయినా పాలకుల ఆలోచన ఎటు నడిచిందో తెలుసుకోవడానికి ఈ నిర్వచనం చాలు.

హైదరాబాదు సంస్థానంలో ఆదిలాబాద్ గోండులు రిజర్వు అడవి హద్దుల వల్ల పొలాలు, ఊళ్లు కోల్పోయారు. కొమురం భీం నాయకత్వంలో జోడేఘాట్ కేంద్రంగా సాగిన పోరాటం 1940లో ఆయన మరణంతో ముగిసింది. తరువాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితిగతులు పరిశీలించమని కోరింది. ఆయన రచనల్లో పట్టా భూముల సమస్య ప్రధానం. మన పాఠ్యపుస్తకాలూ భీం పోరాటాన్ని ఎక్కువగా భూమి కథగానే చెబుతాయి. అది అసంపూర్ణమనుకొంటాను. అడవి హద్దు గీసినప్పుడు పోయింది పోడుచేను ఒక్కటే కాదు. చైత్రంలో పువ్వు, వైశాఖంలో మొర్రి, తునికి, తొలకరిలో గింజ కూడా అనుమతి మీదికి వెళ్లాయి. ఇప్పచెట్టు కింద ఆకు తగలబెట్టి నేల చదును చేసుకోవడం పువ్వు ఏరేవారి అలవాటు. అడవికి నిప్పు పాకుతుందన్నది అటవీ శాఖ అభ్యంతరం. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. ఈ తగవు నేటికీ తీరలేదు.

స్వాతంత్ర్యం తరువాత వచ్చిన మార్పులను క్లుప్తంగా చూద్దాం. దళారుల బారినుంచి కాపాడటానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1979 రెగ్యులేషన్ షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే గుత్తాధికారాన్ని దానికి ఇచ్చింది. సంతలో మోసం తగ్గింది గాని, అమ్మేవాడికి కొనేవాడు ఒక్కడే మిగిలాడు. అసలు మలుపు 2006 అటవీ హక్కుల చట్టం. సంప్రదాయంగా సేకరిస్తున్న అటవీ ఫలసాయంపై అది యాజమాన్యపు హక్కునే గుర్తించింది. అనుమతి వేరు, యాజమాన్యం వేరు.

ఈ చట్టం కింద 2008 జనవరి 1న వెలువడిన నియమాలను మీరు తప్పక చదవాలి. హక్కు రుజువు చేసుకోవడానికి ఏవి ఆధారాలుగా పనికివస్తాయో వాటిలో ఉంది. హక్కు కోరేవారు కాక ఇతర పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం ఆధారమే. సామూహిక హక్కుల విషయంలో దుంపలు, అడవి పండ్లు, ఇతర ఫలసాయం ఏరుకొనే చోట్లు కూడా ఆధారాలే. ఒక ముసలమ్మ ఫలానా వాగు దాటాక ఉన్న ఇప్పల కింద తన అత్త కాలం నుంచి ఏరుతున్నామని చెబితే, ఆ మాటను రాసుకొని గ్రామసభ ముందు పెట్టవచ్చు.