బోరుకొచ్చిన బండి

బజాజ్ చేతక్ సిలిండర్ లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్లు. అందులో పిస్టన్ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచే దూరమూ 57 మిల్లీమీటర్లే. లెక్క కడితే 145.45 సీసీ. బండి కొత్తలో ఈ అంకెలతో ఎవరికీ పని పడేది కాదు. ఏళ్లు గడిచి, వంతెన ఎక్కడానికి ఆయాసపడి, ఇద్దరెక్కితే మొరాయించి, కిక్ కొట్టీ కొట్టీ కాలు పీకేశాక మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లేవారు. అతను కిక్ రాడ్‌ను చేత్తో నొక్కి చూసేవాడు. ఒంట్లో సత్తువున్న ఇంజనైతే చేతిని ఎదురు తోస్తుంది. అరిగిపోయిందైతే మెత్తగా కిందికి దిగిపోతుంది. ‘బోరుకొచ్చింది సార్’ అని తేల్చేసేవాడు. అరిగిన సిలిండర్ గోడను కాస్త కోసి, 57 పక్కన చుక్క పెట్టి ఇంకో అంకె వేసే రోజు వచ్చిందన్నమాట.

అప్పుడు ఇంట్లో కొత్త బండి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తినా దొరికేది కాదు. స్కూటర్ ఇంజన్‌ను విప్పి, కడిగి, బోరు వేయించి, మళ్లీ బిగించి పాతికేళ్లు నడిపించే విద్య మన ఊళ్లలో వీధి వీధికీ పాకిందంటే, అందుకు సగం కారణం ఆ ఇంజన్ తయారైన తీరు. మిగతా సగం ఢిల్లీలో ఇచ్చే లైసెన్సులు.

ఇంజన్ సంగతి ఇటలీలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం దాకా విమానాలు చేసిన పియాజియో కంపెనీ, యుద్ధంలో ఫ్యాక్టరీ దెబ్బతిన్నాక జనం కొనగలిగే చవక బండి చేయాలనుకుంది. ఆ పని కొరాడినో దస్కానియో అనే ఇంజనీరుకు అప్పగించింది. ఆయన 1930లోనే హెలికాప్టర్ ఎగరేసి చూపించిన మనిషి. మోటార్ సైకిళ్లంటే ఆయనకు గిట్టదు. చైన్ నూనె బట్టలకంటుతుంది, టైరు మార్చడం పెద్ద తంతు. అందుకే చైన్ తీసేసి, ఇంజన్‌ను వెనక చక్రం పక్కనే కూర్చోబెట్టి, గేర్లను హ్యాండిల్ మీదికి తెచ్చి, రేకు ఒంటిలో అన్నీ కప్పేశాడు. 1946 ఏప్రిల్‌లో పేటెంట్ కోసం దరఖాస్తు చేసిన ఆ బండి వెస్పా. తొలి ఇంజన్ 98 సీసీ. మరుసటేడు మిలాన్‌కు చెందిన ఇన్నొసెంటి కంపెనీ లాంబ్రెటాతో పోటీకి దిగింది.

రెండూ టూ స్ట్రోక్ బళ్లే. అంటే వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చైన్ లేదు. సిలిండర్ గోడకున్న కంతలను పిస్టనే మూస్తూ తెరుస్తూ పని కానిస్తుంది. ఇంజన్ ఆయిల్‌కు వేరే సంపు కూడా ఉండదు, పెట్రోల్లో కలిపిన నూనే పిస్టన్‌ను తడుపుతుంది. విప్పడానికి భాగాలు తక్కువ, తిరిగి బిగించేటప్పుడు తప్పు జరిగే చోట్లూ తక్కువ. నాలుగు నట్లు తీస్తే సిలిండర్ హెడ్ చేతికొస్తుంది.

ఇక లైసెన్సుల సంగతి. లాంబ్రెటాను 1950ల్లో ముంబయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా బిగించడం మొదలుపెట్టింది. బజాజ్ సంస్థ 1959లో ప్రభుత్వ అనుమతి సంపాదించి, పియాజియోతో ఒప్పందం చేసుకుని, 1961 నుంచి వెస్పాలు తయారుచేసింది. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. మరుసటేడు అదే బండి రాణాప్రతాప్ గుర్రం పేరు పెట్టుకుని చేతక్‌గా వచ్చింది. ఏటా ఎన్ని బళ్లు చేయాలో కంపెనీ ఇష్టం కాదు, లైసెన్సులో రాసి ఉండేది. బజాజ్ లక్షో బండి 1970లో గానీ ఫ్యాక్టరీ దాటలేదు. ఒకే ఏడాదిలో లక్ష బళ్లు అమ్మే స్థితి 1976–77కు వచ్చింది. ఐదు లక్షలు 1985–86లో. ఈ మధ్య కాలమంతా బుక్ చేసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డారు. విదేశాల్లో ఉన్న బంధువు డాలర్లు పంపితే మాత్రం వరస దాటుకుని బండి వచ్చేది.

ఈ కొరత తీర్చడానికి కేంద్రంతో పాటు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమూ ఓ చెయ్యి వేసింది. లక్నోలో కేంద్ర ప్రభుత్వం 1972లో స్కూటర్స్ ఇండియాను నెలకొల్పి, ఇన్నొసెంటి యంత్రాలను కొని తెచ్చి విజయ్ సూపర్ తయారుచేయించింది. అదే లాంబ్రెటా నమూనాతో, నిజాం కాలంలో 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ పుష్పక్ స్కూటర్‌ను రోడ్డెక్కించింది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, చేతి గడియారాలు చేసిన కంపెనీయే అది. 80ల్లో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అనే సంస్థ పియాజియోతో కలిసి వెస్పా పీఎల్ 170 చేసింది. అయినా జనం కోరింది చేతక్‌నే. దాని సామాను ఏ ఊళ్లోనైనా దొరికేది, దాని రోగం ఏ మెకానిక్‌కైనా తెలిసేది. వాడిన చేతక్ కొత్తదానికన్నా ఎక్కువ ధర పలికిన రోజులున్నాయి. అలాంటి ఆస్తిని ఇంజన్ అరిగిందని ఎవరు వదులుకుంటారు?

కాబట్టి బండి ఉన్న ప్రతి ఇంట్లో ఒక అరకొర మెకానిక్ తయారయ్యాడు. ఆదివారం పొద్దున వాకిట్లో స్టాండు వేసి, కుడిపక్క మూత తీసి, ప్లగ్గు పానాతో మైకో ప్లగ్గు విప్పేవాడు. నల్లగా మసి పట్టి, తడిగా ఉంటే నూనె ఎక్కువ కలుపుతున్నట్టు. లేత ఇటుక రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. తెల్లగా మాడి ఉంటే ఎక్కడో గాలి లాగుతున్నట్టు. గరుకు కాగితంతో రుద్ది, దాని కొక్కేన్ని మెల్లగా తట్టి సందు సరిచేసేవాడు. స్పాకో కార్బురేటర్ విప్పి, జెట్‌లోకి నోటితో ఊదేవాడు. తర్వాత కాంటాక్ట్ పాయింట్లు. అప్పటికీ స్టార్ట్ కాకపోతే బండిని ఓ పక్కకు వాల్చి, పెట్రోలు కార్బురేటర్‌లోకి దిగిందని నమ్మకం కుదిరాక కిక్ కొట్టడం. ఆఫీసుల ముందు, సినిమా హాళ్ల దగ్గర స్కూటర్లను ఇలా వాల్చే దృశ్యం ఆ తరానికంతా తెలుసు.

ఇంజన్ పట్టేస్తుందన్న భయంతో చాలామంది కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువ నూనె పోసేవారు. పాత బళ్లకు ఎక్కువ పాళ్లు కావాలి గానీ, చేతక్ కాలానికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు సరిపోతుంది. మిగిలిన నూనె కాలి, బొగ్గుపొరై, పిస్టన్ తల మీదా సైలెన్సర్ లోపలా పేరుకునేది. పొగ పోయే దారి మూసుకుపోతే బండికి లాగుడు తగ్గుతుంది. అప్పుడు సైలెన్సర్ ఊడదీసి, కిరోసిన్ పోసి నిప్పంటించి, లోపలి మసి కాలాక సుత్తితో కొట్టి రాల్చేవారు. ఆ కంపు వీధి చివరిదాకా వెళ్లేది.

అంతకు మించిన ధైర్యం ఉన్నవాళ్లు ‘హాఫ్ ఇంజన్’ పనికి దిగేవారు. అంటే క్రాంక్ కేసు జోలికి పోకుండా పైభాగం మాత్రమే విప్పడం. పాత పేపరు పరిచి, బేసిన్‌లో కిరోసిన్ పోసి, ఫ్యాన్ రేకు తీసి, హెడ్ ఊడదీసి, సిలిండర్‌ను బోల్టుల మీద నుంచి మెల్లగా లాగాలి. లాగగానే కింద కంతలో గుడ్డ కుక్కాలి, లేకపోతే పిస్టన్ పిన్నుకున్న చిన్న లాక్ జారి క్రాంక్‌లో పడిందంటే మొత్తం ఇంజన్ దించాల్సిందే. సిలిండర్ లోపలి గోడ మీద వేలి గోరు పెట్టి పైదాకా జరిపితే, రింగులు చేరని చోట చిన్న అంచు తగులుతుంది. అది గోరుకు గట్టిగా తగిలిందంటే గోడ బాగా అరిగినట్టే. రింగును ఒంటరిగా సిలిండర్‌లోకి దింపి, దాని రెండు కొసల మధ్య సందు ఎంతుందో చూస్తారు. కొత్త రింగుకు పావు మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అరిగిన రింగుకు ఆ సందు కంటికే కనిపిస్తుంది.

రింగు గాడిలో గట్టిపడిన మసిని గీరడానికి విరిగిన పాత రింగు ముక్కను మించిన పనిముట్టు లేదు, ఆ గాడికి సరిగ్గా సరిపోయేది అదే. టూ స్ట్రోక్ పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది. రింగు తిరిగి దాని కొస కంతలో చిక్కుకోకుండా ఆపడం దాని పని. రింగు కొసలను ఆ పిన్ను దగ్గరికి తేకుండా సిలిండర్ తోస్తే రింగు విరుగుతుంది. పిస్టన్ తల మీది బాణం సైలెన్సర్ దారి వైపు ఉండాలి. ఈ రెండూ గుర్తుంటే ఇంట్లో కుదిరే పని ఇది.

గోడే అరిగిపోతే మాత్రం ఇల్లు చాలదు. సిలిండర్‌ను గోనెసంచిలో వేసుకుని లేత్ షాపుకి వెళ్లాలి. ముందు ఓవర్‌సైజ్ పిస్టన్ కొని ఇస్తే, దాని కొలత చూసి బోరు వేస్తారు. సిలిండర్ పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. ఇనుముకన్నా అల్యూమినియం వేడికి దాదాపు రెండింతలు సాగుతుంది కాబట్టి ఆ సాగుడుకు చోటు ఉంచి కోయాలి. చోటు తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే టకటకమని కొట్టుకుంటుంది. అర మిల్లీమీటరు పెద్దదైన బోరుతో చేతక్ 145.45 సీసీ నుంచి 148కి చేరుతుంది. ఆర్సీలో మాత్రం పాత అంకే ఉండిపోతుంది. ఇలా కొన్ని మెట్లు ఎక్కాక గోడ పలచబడి, ఇక కొత్త సిలిండరే గతి.

బోరైన బండికి పథ్యం ఉండేది. కొన్నాళ్లు నూనె కాస్త ఎక్కువ కలపాలి, 40 దాటి తోలకూడదు, బరువు వేయకూడదు, ఘాట్ ఎక్కించకూడదు. పథ్యం తప్పినవాళ్ల బండి నడిరోడ్డు మీద కీచుమని వెనక చక్రంతో సహా బిగిసిపోయేది. ఆ క్షణంలో క్లచ్ పట్టుకోగలిగినవాడే పడకుండా బయటపడేవాడు.

ప్రతి పొగా బోరు లక్షణం కాదని మంచి మెకానిక్‌కు తెలుసు. గేర్‌బాక్స్ వైపు ఆయిల్ సీల్ చిరిగితే క్రాంక్ గేర్ ఆయిల్‌ను లాగి కాలుస్తుంది. తెల్లగా దట్టంగా పొగ వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గుతూ పోతుంది. మాగ్నెటో వైపు సీల్ పోతే గాలి లాగి, పెట్రోలు పాలు తగ్గి, ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది. ఈ తేడా చూడకుండా బోరు వేయించిన బళ్లు నెల తిరక్కుండా మళ్లీ షెడ్డుకొచ్చేవి. ఈ చదువంతా ఉస్తాద్ దగ్గర కిరోసిన్‌లో సామాను కడుగుతూ పిల్లలు నేర్చుకున్నదే. ఎంతోమంది బడి మానేసి ఆ షెడ్లలో చేరినవాళ్లు.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్, పెట్రోల్లో నూనె కలిపే పని లేదు, మైలేజీ ఎక్కువ. 1991 తర్వాత లైసెన్సుల కట్టడి సడలి, బండి కోసం ఎదురుచూపులు పోయాయి. కాలుష్య నిబంధనలు 1996లో, 2000లో బిగుసుకునేసరికి టూ స్ట్రోక్‌కు ఊపిరాడలేదు. 2001లో వచ్చిన హోండా యాక్టివా కొన్నవాళ్లకు ప్లగ్గు పానా అవసరం అరుదు. ఇంజన్‌లో వాల్వులు, టైమింగ్ చైన్. సర్వీసు కార్డు తీసుకుని షోరూమ్‌కు వెళ్లడమే అలవాటైంది. పెట్రోలు చేతక్ తయారీ ఆ దశాబ్దంలోనే ఆగిపోయింది.

లక్నోలో చేసిన లాంబ్రెటాలు, వాటి విడిభాగాలు మరో దారి పట్టాయి. ఇటలీలో ఆ బండి తయారీ 70ల మొదట్లోనే ఆగిపోవడంతో బ్రిటన్ స్కూటర్ ప్రియులకు ఇంజన్ కట్టుకోవడానికి భారతీయ సామానే ఆధారమైంది. 2021లో స్కూటర్స్ ఇండియా మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఇక్కడ మిగిలిన చేతక్‌లకు, విజయ్ సూపర్లకు ఇప్పుడు పొగ పరీక్షే అసలు గండం. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 రూపాయల నుంచి వెయ్యికి పెరిగింది. అందుకే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లేముందు కొందరు సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల సామాను కొట్లు తిరిగి పిస్టన్, రింగులు, సీళ్లు పట్టుకొస్తారు. హాఫ్ ఇంజన్ పని చేయించి, నూనె కొలిచి కలిపి, సైలెన్సర్ శుభ్రం చేయించాకే బండిని పరీక్షకు నిలబెడతారు.